గర్భసంచి ఆపరేషన్, దానికి సెలవు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో టీ విరామం రాగానే ఎవరో ఒక టీచరు నన్ను వరండా చివరికి తీసుకెళ్తుంది. గొంతు తగ్గించి, "మేడమ్, మీకు ఆపరేషన్ అయింది కదా, సెలవు ఎలా పెట్టారు?" అని అడుగుతుంది. నాలుగేళ్లుగా ఇదే వరస. నాకు 46వ ఏట ఫైబ్రాయిడ్ గడ్డల వల్ల పొట్ట కోసి గర్భసంచి తీశారు. అప్పట్నుంచి చాలామందికి సెలవు కాగితాలు నింపిపెట్టాను, కొందరికి ఆసుపత్రిలో తోడుగా పడుకున్నాను. నేను డాక్టర్ని కాదు. మందుల విషయంలో మీ డాక్టరు మాటే వినండి. మిగతావి, ఎవరూ కూర్చోబెట్టి చెప్పనివి, ఇక్కడ రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ఒప్పుకునే ముందు

డాక్టరు గర్భసంచి తీసేయాలన్నారు. వెంటనే ఒప్పేసుకోవాలా?

క్యాన్సర్ అని తేలినా, ఆగని రక్తస్రావంతో ప్రాణం మీదికి వచ్చినా ఆలస్యం చేయకూడదు. మిగతా చాలా సందర్భాల్లో ఆలోచించుకోవడానికి వారాలు, నెలలు టైమ్ ఉంటుంది. "రేపే అడ్మిట్ అవ్వండి, బెడ్ ఖాళీగా ఉంది" అనే తొందర నాకు ఎప్పుడూ అనుమానంగానే ఉంటుంది. స్కానింగ్ రిపోర్టు పట్టుకుని ఇంకో గైనకాలజిస్టుకు చూపించండి. వీలైతే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చూపించండి, ఆపరేషన్ చేస్తేనే డబ్బు వచ్చే లెక్క అక్కడ ఉండదు. ఈ జాగ్రత్త మనకు మరీ అవసరం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. మన ఆడవాళ్ల గర్భసంచులే ఎక్కువగా చెడిపోతాయా ఏమిటి?

"గర్భసంచికి పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అన్నారు. నిజమేనా?

మన ఊళ్లలో ఎంతోమందిని ఆపరేషన్ బల్ల ఎక్కించిన మాట ఇది. పుండు అని చెప్పేది చాలాసార్లు గర్భాశయ ముఖద్వారం దగ్గర కనిపించే ఎరుపుదనం. అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారుతుందని కూడా కాదు. తెల్లబట్ట, నడుం నొప్పి, పొత్తికడుపు నొప్పి ఉన్నంత మాత్రాన గర్భసంచి తీయాల్సిన పనిలేదు. అనుమానం ఉంటే పాప్ స్మియర్ (ముఖద్వారం దగ్గరి కణాలు తీసి చూసే పరీక్ష) చేయించాలి, అవసరమైతే ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆ రిపోర్టు చేతికొచ్చాకే మాట. పిల్లలు పుట్టేశారు కాబట్టి ఇక దానితో పనిలేదనే వాదన కూడా వైద్యం కాదు. ఇలాంటి అనవసర ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలను ఆదేశించింది.

ఆపరేషన్ తప్ప వేరే దారి లేదా?

జబ్బును బట్టి ఉంటుంది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు, ప్రొజెస్టరాన్ మాత్రలు, లేదా గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ (మైరీనా లాంటిది) వాడి చూస్తారు. లక్నోలోని కేంద్ర పరిశోధన సంస్థలో కనిపెట్టిన ఆర్మెలాక్సిఫెన్ కూడా ఒకటి. మనకు 'సహేలి' గర్భనిరోధక మాత్రగా తెలిసిన మందే అది. గడ్డ ఒకటో రెండో ఉంటే గడ్డ వరకే తీసే మయోమెక్టమీ ఉంది. జారిన గర్భసంచికి పెసరీ అనే రింగు పెడతారు, వ్యాయామాలు నేర్పుతారు. ఇవి అందరికీ పనిచేయవు. నాకు మాత్రలతో ఏడాదిన్నర గడిచింది, ఆ తర్వాత హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది. అయినా ముందు మందులు వాడి చూసినందుకు నాకు చింత లేదు. ఆపరేషన్ బల్ల ఎక్కేటప్పుడు మనసులో సందేహం లేకపోయింది.

అండాశయాలు కూడా తీసేస్తారా?

ఇది మీరే అడగాలి, అదీ ముందే అడగాలి. గర్భసంచి తీస్తే నెలసరి, గర్భం ఆగిపోతాయి. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే మెనోపాజ్ మొదలవుతుంది. ఒళ్లంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం వెంటనే కనిపిస్తాయి. ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బుల ముప్పు పెరగడం తర్వాత బయటపడతాయి. అందుకే మెనోపాజ్ రానివాళ్లలో అండాశయాలు బాగుంటే ఉంచడమే మామూలు పద్ధతి. క్యాన్సర్ అనుమానం, కుటుంబంలో అండాశయ క్యాన్సర్ చరిత్ర, తీవ్రమైన ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉంటే సంగతి వేరు. గర్భనాళాలను మాత్రం ఇప్పుడు చాలామంది డాక్టర్లు తీసేస్తున్నారు. దానివల్ల అండాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది, హార్మోన్ల మీద పెద్దగా ప్రభావం ఉండదు. "లోపల ఏం తీస్తారు, ఏం ఉంచుతారు?" అన్న ప్రశ్నకు జవాబు కేసు షీట్‌లో రాయించండి.

పొట్ట కోయడం, ల్యాప్రోస్కోపీ, కింద నుంచి తీయడం. ఏది మంచిది?

కింద నుంచి తీయడానికి వీలైతే దానికే మొదటి ఓటు. పొట్ట మీద గాటు ఉండదు, త్వరగా కోలుకుంటారు. ల్యాప్రోస్కోపీలో మూడు నాలుగు చిన్న రంధ్రాలే ఉంటాయి, కానీ ఖర్చు ఎక్కువ. గర్భసంచి బాగా పెద్దదైనా, పాత సిజేరియన్ల వల్ల లోపల అతుక్కుపోయినా పొట్ట కోయాల్సి రావచ్చు. ల్యాప్రోస్కోపీ అని మొదలుపెట్టి మధ్యలో పొట్ట కోయాల్సి వచ్చే అవకాశం కూడా ఉంటుంది, అది డాక్టరు తప్పు కాదు. సెలవు లెక్క వేసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

మావారు దుబాయ్‌లో ఉన్నారు. ఆయన సంతకం లేకుండా ఆపరేషన్ చేయరట?

మేజర్ అయి, స్పృహలో ఉన్న మనిషి ఒంటి మీద ఆపరేషన్‌కు ఆ మనిషి సంతకమే చాలు. భర్త సంతకం చట్టం అడగదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. ఆ కేసులో మత్తులో ఉన్న మనిషి గర్భసంచి, అండాశయాలు ఆమె తల్లి దగ్గర అనుమతి తీసుకుని తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు అలా తీసుకున్న అనుమతి చెల్లదని కోర్టు చెప్పింది. ఆసుపత్రివాళ్లు సాక్షిగా ఇంట్లోవాళ్ల సంతకం అడుగుతారు. అది మీ అక్క పెట్టినా, కొడుకు పెట్టినా సరిపోతుంది. ఫారం ఇంగ్లిష్‌లో ఉంటే తెలుగులో చదివి చెప్పమని అడగండి, ఖాళీ ఫారం మీద మాత్రం సంతకం పెట్టకండి.

## సెలవు సంగతి

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగిని. నాకు ఎన్ని రోజులు ఇస్తారు?

45 రోజుల ప్రత్యేక సెలవు. ఉమ్మడి రాష్ట్రంలో ఆర్థిక శాఖ 01-04-2011న ఇచ్చిన జీవో ఎంఎస్ నంబర్ 52 ప్రకారం గర్భసంచి తొలగించుకున్న మహిళా ఉద్యోగులకు ఇది వర్తిస్తుంది. సివిల్ సర్జన్ సర్టిఫికెట్ ఉండాలి. విభజనకు ముందు జీవో కాబట్టి రెండు రాష్ట్రాల వాళ్లూ దీన్నే చూపిస్తారు. ఈ రోజులు మీ సంపాదిత సెలవుల్లోంచి గానీ, అర్ధవేతన సెలవుల్లోంచి గానీ తీయకూడదు. విచిత్రం ఏమిటంటే చాలా ఆఫీసుల్లో క్లర్కులకు ఈ జీవో సంగతే తెలియదు. తెలియక మెడికల్ లీవ్ పెట్టించి ఖాతా ఖాళీ చేస్తారు. దరఖాస్తులోనే జీవో నంబరు, తేదీ రాసి, కాపీ జతచేయండి.

45 రోజులు చాలకపోతే?

కమ్యూటెడ్ లీవ్ వాడుకోవచ్చు. ఏడాదికి 20 రోజుల చొప్పున జమయ్యే అర్ధవేతన సెలవును వైద్య కారణాల మీద పూర్తి జీతంతో మార్చుకోవడమే ఇది. ఒక్కో రోజుకు ఖాతాలో రెండు రోజులు తగ్గుతాయి. సర్వీసు మొత్తంలో ఇలా 240 రోజుల వరకు వాడుకోవచ్చు. సంపాదిత సెలవు కూడా పెట్టుకోవచ్చు. రిటైరయ్యాక నగదు చేసుకోవచ్చని ఆ సెలవును దాచుకునేవాళ్లు ఉన్నారు. కుట్లు ఆరకముందే బడికి వచ్చి, మెట్ల మీద కూలబడిన మా సహోద్యోగిని చూశాక ఆ లెక్క నాకు నచ్చలేదు.

సెలవుకు ఏయే కాగితాలు పెట్టాలి?

వెళ్లేముందు సెలవు దరఖాస్తు, ఆపరేషన్ సలహా ఇచ్చిన డాక్టరు చీటీ. తర్వాత డిశ్చార్జి సమ్మరీ, వైద్య ధ్రువీకరణ పత్రం (ఫారం ఎ). చేరేరోజు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఫారం బి), జాయినింగ్ రిపోర్టు. డిశ్చార్జి సమ్మరీలో ఆపరేషన్ పేరు, తేదీ స్పష్టంగా ఉండాలి. మీ పేరు సర్వీస్ రిజిస్టర్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, ఉండాలి. నా డిశ్చార్జి కాగితంలో పుట్టింటి ఇంటిపేరు పడింది. దాన్ని సరిచేయించుకోవడానికి కుట్లతోనే ఆటోలో ఆసుపత్రికి రెండుసార్లు తిరిగాను. మంచం దిగకముందే చదివి చూసుకోండి. ప్రతి కాగితం మూడు కాపీలు తీయించండి, ఇచ్చిన ప్రతిదానికీ మీ కాపీ మీద ఆఫీసు సీలు వేయించుకోండి.

నేను ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కింద ఉన్నాను. జీతం వస్తుందా?

జీతం రాదు, సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది. నెల వేతనం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతుంటే, సగటు రోజు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల వరకు ఇస్తారు. దానికి సంబంధించిన ఆరు నెలల కాలంలో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలి. మొదటి రెండు రోజులకు మామూలుగా డబ్బు రాదు. సర్టిఫికెట్ ఈఎస్ఐ డాక్టరే ఇవ్వాలి, బయటి ప్రైవేటు చీటీతో నేరుగా పని జరగదు. అందుకని ఆపరేషన్ ఈఎస్ఐ ఆసుపత్రిలోనో, వాళ్లు రిఫర్ చేసిన చోటో చేయించుకోవడం మేలు. ట్యూబెక్టమీకి (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) పూర్తి వేతనంతో 14 రోజులు ఇచ్చే పద్ధతి వేరు, గర్భసంచి తొలగింపు దాని కిందికి రాదు.

ప్రైవేటు కంపెనీలో, ఈఎస్ఐ కూడా లేదు. మా పరిస్థితి ఏమిటి?

కంపెనీ పాలసీయే దిక్కు. అపాయింట్‌మెంట్ ఆర్డరు, లీవ్ పాలసీ బయటికి తీసి చదవండి. సిక్ లీవ్, ప్రివిలేజ్ లీవ్ కలిపి ఎన్ని ఉన్నాయో, మిగతా రోజులు జీతం లేని సెలవుగా ఇస్తారో, కొన్ని వారాలు ఇంటి నుంచి పని చేయనిస్తారో హెచ్‌ఆర్‌ను మెయిల్‌లోనే అడగండి. నోటిమాటగా "ఏం పర్లేదమ్మా, చూసుకుందాం" అన్నవాళ్లు జీతం వేసే రోజుకు మరిచిపోతారు. ఒక చిట్కా ఏమిటంటే, ఇంటి నుంచి పని చేస్తానని మొదటి రెండు వారాలకు మాట ఇవ్వకండి. నొప్పి మాత్రల మత్తులో ఎక్సెల్ షీట్ ముందు కూర్చోవడం ఎవరికీ ఉపయోగం లేదు.

మా మేనేజర్ మగవాడు. ఏ ఆపరేషనో చెప్పాలా?

మేనేజర్‌కు "పొట్టకు మేజర్ సర్జరీ, ఆరు వారాలు విశ్రాంతి అన్నారు" అంటే చాలు. వివరాలు ఉన్న కాగితం హెచ్‌ఆర్‌కు ఇవ్వండి. ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం ప్రత్యేక సెలవు కావాలంటే ఆపరేషన్ పేరు రాయక తప్పదు, ఆ ఫైలు నాలుగు బల్లలు తిరుగుతుంది. నాకూ మొదట సిగ్గనిపించింది. తర్వాత మా హెడ్మాస్టరుగారు "మా ఆవిడకీ అయిందమ్మా, మూడు నెలలు బరువెత్తకండి" అన్నారు. అంత టెన్షన్ పడ్డది ఇందుకా అనుకున్నాను.

దీన్ని ప్రసూతి సెలవులో కలపవచ్చా?

మామూలుగా కలపలేం. ప్రసూతి చట్టం కాన్పుకు, గర్భస్రావానికి, ట్యూబెక్టమీకి సెలవు ఇస్తుంది. కాన్పులో రక్తస్రావం ఆగక గర్భసంచి తీయాల్సి వస్తే, కాన్పు వల్ల వచ్చిన అనారోగ్యం కింద నెల రోజుల వరకు అదనపు సెలవు అడగవచ్చు.

కూలి పనికి వెళ్తాను. నాకు సెలవు ఎవరిస్తారు?

ఎవరూ ఇవ్వరు. నిజంగా ఈ పేజీలో నాకు రాయడం కష్టమైన జవాబు ఇదే. తొందరలేని ఆపరేషన్ అయితే నాట్లు, కలుపు, పత్తితీత లేని నెలలు చూసుకోండి. పొదుపు సంఘంలో ఆ రెండు నెలల కంతు సంగతి ముందే మాట్లాడుకోండి. కుదిరితే గాటు చిన్నగా ఉండే పద్ధతి అడగండి. ఇళ్లలో పనిచేసేవాళ్లు తమ బదులు ఆరు వారాలకు ఇంకొకరిని పెట్టి వెళ్తే పని చేజారిపోదు. మనింట్లో పనిచేసే మనిషికి ఈ ఆపరేషన్ అయితే ఆ నెలన్నర జీతం ఇవ్వడం యజమానిగా మన వంతు.

అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ రూల్ ఏమిటి?

ఎఫ్ఎంఎల్ఏ (కుటుంబ, వైద్య సెలవు) చట్టం కింద ఏడాదిలో 12 వారాల వరకు సెలవు తీసుకోవచ్చు. జీతం ఉండదు, ఉద్యోగం మాత్రం పోదు. ఆ సంస్థలో 12 నెలలు పనిచేసి ఉండాలి, గడిచిన ఏడాదిలో 1,250 గంటలు పూర్తయి ఉండాలి, 75 మైళ్ల పరిధిలో ఆ సంస్థకు 50 మంది ఉద్యోగులు ఉండాలి. షార్ట్ టర్మ్ డిజేబిలిటీ ఇన్సూరెన్స్ ఉంటే జీతంలో కొంత భాగం వస్తుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఆమోదించిన వైద్య సెలవులో ఉంటే ఉద్యోగ సంబంధం కొనసాగుతున్నట్టే, ఆ కాగితాలు భద్రపరచండి. అమ్మనో అత్తగారినో పిలిపించుకోవాలనుకుంటే ముందు వాళ్ల వీసా సంగతి తేల్చుకుని, తర్వాతే ఆపరేషన్ తేదీ తీసుకోండి.

## డబ్బు, కార్డులు

ఆరోగ్యశ్రీ, ఈహెచ్‌ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు పనిచేస్తాయా?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ. మీ జబ్బు, మీరు వెళ్లే ఆసుపత్రి రెండూ పథకంలో ఉన్నాయో లేదో అడ్మిట్ కాకముందే అక్కడి హెల్ప్ డెస్క్‌లో అడగండి, లేదా 104కి ఫోన్ చేయండి. ఆసుపత్రి జాబితాలో ఉన్నంత మాత్రాన అన్ని ఆపరేషన్లూ అక్కడ ఉచితమని కాదు. ఉద్యోగులు సొంత డబ్బు కట్టి రీయింబర్స్‌మెంట్ పెట్టుకోవాలంటే డిశ్చార్జి అయిన ఆరు నెలల్లోపు బిల్లులు ఆఫీసులో ఇవ్వాలి.

ఇన్సూరెన్స్ ఉంది. క్యాష్‌లెస్ అంటున్నారు, నమ్మవచ్చా?

సొంతంగా తీసుకున్న పాలసీల్లో ఫైబ్రాయిడ్లు, గర్భసంచి ఆపరేషన్లకు సాధారణంగా రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. కంపెనీ గ్రూప్ పాలసీల్లో చాలావాటికి అది ఉండదు. ముందుగా ప్లాన్ చేసిన ఆపరేషన్ కాబట్టి మూడు నాలుగు రోజుల ముందే ప్రీ-ఆథరైజేషన్ (ఇన్సూరెన్స్ కంపెనీ ముందస్తు అనుమతి) పెట్టించండి. గది అద్దె పరిమితి తప్పక చూడండి. పరిమితి దాటిన గది తీసుకుంటే అద్దెలో తేడాతో వదలరు, డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జీల్లో కూడా అదే నిష్పత్తిలో కోత వేస్తారు. 2024లో వచ్చిన నిబంధన ప్రకారం డిశ్చార్జి రోజు ఆసుపత్రి నుంచి బిల్లు అందిన మూడు గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. ఆలస్యమైతే ఆ మాట గట్టిగా అడగండి.

## ఆపరేషన్‌కు ముందు వారాలు

ఏం పరీక్షలు చేస్తారు? నాకు రక్తం తక్కువ.

రక్త పరీక్ష, బ్లడ్ గ్రూపు, షుగర్, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు, హెచ్ఐవి, హెపటైటిస్, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే. అవసరాన్ని బట్టి గుండెకు ఎకో. రక్తస్రావం అసాధారణంగా ఉంటే, ముఖ్యంగా 45 దాటితే, గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి ముందే బయాప్సీ చేయించాలి. ఇది వద్దనే చోట ఎందుకు వద్దో అడగండి. హిమోగ్లోబిన్ 10 కంటే తక్కువ ఉంటే ఐరన్ ఇంజెక్షన్లు, మరీ తక్కువైతే రక్తం ఎక్కిస్తారు. ఐరన్ పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి సెలవు తేదీ కంటే ముందు రక్తం సంగతి చూసుకోండి. ఐరన్ మాత్ర టీ, కాఫీతో వేసుకోవద్దు.

బీపీ, షుగర్ మాత్రలు ఆపాలా?

సొంతంగా ఏదీ ఆపకండి, ఏదీ కొనసాగించకండి. వాడే మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని మత్తు డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ మాత్ర మామూలుగా ఆ ఉదయం కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు. రక్తం పలచబరిచే మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు కొన్ని రోజుల ముందే ఆపిస్తారు. ఆయుర్వేదం, హోమియో, పక్కింటావిడ ఇచ్చిన పొడి, అన్నీ చెప్పండి.

ఆషాఢంలో వద్దు, అమావాస్య వద్దు అంటున్నారు. ఎప్పుడు పెట్టుకోవాలి?

పంతులుగారిని అడగాలనిపిస్తే అడగండి, మనసుకు ధైర్యం అదీ ఒకటి. అయితే ఆయన్ని అడిగే ముందు మూడు చూసుకోండి: డాక్టరు ఊళ్లో ఉండే రోజులు, తోడుండే మనిషికి వీలైన వారాలు, ఆఫీసులో పని ఒత్తిడి. టీచర్లు చాలామంది వేసవి సెలవుల్లో పెట్టుకుంటారు. ఎండకు చెమట, కరెంటు కోత, పెళ్లిళ్లకు వచ్చే చుట్టాలు, వీటి మధ్య గాయం మానడం నరకం. పైగా మీకు హక్కుగా ఉన్న 45 రోజులు వాడుకోనట్టే అవుతుంది. నేను నవంబరులో చేయించుకున్నాను.

ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలి?

అన్నిటికంటే ముందు, వంట ఎవరిదో తేల్చండి. "చూద్దాంలే" అనే ఇంట్లో నాలుగో రోజుకే మీరు పొయ్యి దగ్గర ఉంటారు. భర్తకు, పిల్లలకు కుక్కర్ పెట్టడం, వాషింగ్ మెషిన్ వేయడం నెల ముందే నేర్పండి. కందిపొడి, కారప్పొడి, పప్పులు డబ్బాల్లో నింపి, వంగకుండా అందే ఎత్తులో పెట్టండి. రెండో సిలిండర్ బుక్ చేసుకోండి. కింద పడుకునే అలవాటుంటే మంచం వేయించండి. ఇండియన్ లెట్రిన్ అయితే పైన పెట్టుకునే స్టూల్ కొనండి. లూజు నైటీలు, నడుం పైకి వచ్చే పెద్ద సైజు లోదుస్తులు, ప్యాడ్లు ఉంచుకోండి. అద్దె ఇల్లు పై అంతస్తులో ఉంటే, ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన వారమంతా కిందికి దిగే పని పెట్టుకోకండి.

తాళి, మెట్టెలు తీయమంటారా?

తీయమంటారు. థియేటర్‌లో కరెంటుతో పనిచేసే పరికరాలు వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే కాలే ప్రమాదం ఉంది. అత్తగారు బాధపడతారనుకుంటే ముందురోజే సూత్రాలు తీసి, పసుపుకొమ్ము కట్టిన దారం వేసుకోండి. చాలా ఆసుపత్రుల్లో దానికి ఒప్పుకుంటారు. మెట్టెలు బిగుసుకుపోయి ఉంటే ఇంట్లోనే సబ్బు రాసి తీయండి. గోళ్ల రంగు, గోరింటాకు కూడా వద్దు, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ రీడింగ్ తప్పు రావచ్చు. బంగారం ఆసుపత్రికి తీసుకెళ్లకండి.

## ఆసుపత్రిలో

ఎప్పటి నుంచి ఏమీ తినకూడదు?

సాధారణంగా ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి అన్నం, టిఫిన్, పాలు, కాఫీ బంద్. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు తాగనిస్తారు. మీ ఆసుపత్రి చెప్పిన టైమే పాటించండి. "రెండు ఇడ్లీలే కదా" అని తిని దాచిపెట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తినేస్తే తిన్నానని చెప్పండి, మహా అయితే వాయిదా వేస్తారు.

మెలకువ వచ్చాక ఎలా ఉంటుంది?

చలి, వణుకు, గొంతు మంట, మూత్రానికి గొట్టం, చేతికి సెలైన్. ల్యాప్రోస్కోపీ అయితే భుజం నొప్పి చూసి భయపడతారు. పొట్టలో నింపిన గ్యాస్ వల్ల వచ్చే నొప్పి అది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అదే రోజు సాయంత్రమో మర్నాడో లేపి నడిపిస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే ఆ నాలుగు అడుగులు తప్పవు. దగ్గు వస్తే పొట్టకు దిండు అదిమి పట్టుకోండి. కింద నుంచి చేసినా, ల్యాప్రోస్కోపీ చేసినా ఒకటి నుంచి మూడు రోజులు, పొట్ట కోస్తే మూడు నుంచి ఐదు రోజులు ఉంచుతారు.

## ఇంటికి వచ్చాక

పథ్యం ఎన్నాళ్లు? పెరుగు తింటే చీము పడుతుందట?

పడదు. బాలింతకు పెట్టినట్టు కారప్పొడి అన్నం, వెల్లుల్లి పెట్టి నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం వస్తుంది. ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. గాయం మానాలంటే పప్పు, గుడ్డు, పెరుగు, చేప, ఆకుకూరలు, బొప్పాయి, నీళ్లు కావాలి. మా పెద్దమ్మ చెవిలో దూది, నడుముకు గట్టిగా పాత చీర కట్టాలని పట్టుబట్టింది. దూదికి ఒప్పుకున్నాను. నడికట్టు మాత్రం డాక్టరు చెబితేనే వేసుకోవాలి, బెల్టు బిగుతుగా ఉంటే ఊపిరికి కూడా ఇబ్బంది.

ఎప్పటి నుంచి బరువెత్తవచ్చు, స్కూటీ నడపవచ్చు?

ఆరు వారాల వరకు నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దు. నిండు బిందె, బకెట్, తడిపిన దుప్పట్లు, మనవడు, అన్నీ అంతకంటే బరువే. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు, దాన్ని జరపడం కూడా వద్దు. నేల మీద కూర్చుని కూరలు తరగడం, వంగి ఊడవడం మానండి. మెట్లు నెమ్మదిగా ఎక్కవచ్చు. నడక రోజూ కొంచెం పెంచండి, మంచానికి అతుక్కుపోవద్దు. స్కూటీ నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత, గట్టిగా బ్రేక్ వేసినా పొట్టలో నొప్పి లేదనుకున్నాకే.

ఏం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి?

గంటలో ప్యాడ్ నిండేంత రక్తం, 100.4 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, గాయం నుంచి చీము, కింద నుంచి దుర్వాసన, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండానే కారిపోవడం, పొట్ట ఉబ్బి ఆగని వాంతులు, ఒక పిక్క వాచి నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం లేదా ఛాతీ నొప్పి, కింద ఏదో జారిపడుతున్నట్టు ఉండటం. వీటికి ఉదయం వరకు ఆగకండి. కొద్దికొద్దిగా గోధుమరంగు మరకలు కొన్ని వారాలు కనిపించడం మామూలే.

భార్యాభర్తలు మళ్లీ ఎప్పుడు కలవచ్చు? మునుపటిలా ఉంటుందా?

లోపలి కుట్లు మానడానికి కనీసం ఆరు వారాలు పడుతుంది. కొందరు డాక్టర్లు ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగమంటారు. పరీక్ష చేసి సరే అన్నాకే. "ఆడతనం పోతుంది" అనేది పనికిమాలిన మాట. ఏళ్ల తరబడి రక్తస్రావం, నొప్పి భరించినవాళ్లకు ఆపరేషన్ తర్వాతే బాగున్నట్టు అనిపించడం ఎక్కువ. అండాశయాలు తీసేస్తే పొడిబారడం ఉంటుంది, దానికి జెల్లు, క్రీములు ఉన్నాయి, డాక్టర్ని అడగండి. అడగలేకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి, నేను అలాగే చేశాను.

ఊరికే ఏడుపు వస్తోంది. నాకేమైనా అయిందా?

నాకు రెండో వారంలో టీవీలో వంటల ప్రోగ్రాం చూస్తున్నా ఏడుపొచ్చింది. నిద్రలేమి, నొప్పి, మాత్రలు, హార్మోన్లు, ఇంట్లో పనికిరాకుండా పడి ఉన్నామన్న బాధ, అన్నీ కలిసి వస్తాయి. చాలామందికి కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా రోజంతా దిగులుగా ఉన్నా, బతకాలనిపించకపోయినా వెంటనే డాక్టరుకు చెప్పండి. 14416 టెలీ మానస్ నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

బయాప్సీ రిపోర్టు తీసుకోవాలా? తీసేశారు కదా.

తీసుకోవాలి. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపుతారు, రిపోర్టు వారం పది రోజుల్లో వస్తుంది. దాచి ఉన్న క్యాన్సర్ ఒక్కోసారి అందులోనే బయటపడుతుంది. చాలామంది కుట్లు విప్పించుకుని ఇంటికి వచ్చేస్తారు, ఆ కాగితం ల్యాబ్‌లోనే పడి ఉంటుంది. ఏం తీశారో రాసిన డిశ్చార్జి సమ్మరీతో కలిపి జీవితాంతం దాచుకోండి.

## మళ్లీ డ్యూటీకి

ఎన్ని వారాలకు పనిలో చేరవచ్చు?

కూర్చుని చేసే పనైతే, ల్యాప్రోస్కోపీ లేదా కింద నుంచి చేసినవాళ్లు మూడు నాలుగు వారాలకు చేరగలుగుతారు. పొట్ట కోసినవాళ్లకు ఆరు వారాలు, నిలబడి లేదా బరువెత్తి చేసే పనైతే ఎనిమిది కూడా పట్టవచ్చు. బస్సు ప్రయాణం లెక్కలో వేసుకోండి, గంటసేపు గుంతల రోడ్డు మీద పల్లెవెలుగు బస్సు కూడా ఒక బరువే. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో "కొన్ని వారాలు బరువెత్తరాదు, ఎక్కువసేపు నిలబడరాదు" అని రాయమని అడగండి. ఆ ఒక్క వాక్యంతో నాకు ఎన్నికల డ్యూటీ తప్పింది, క్లాసులో కుర్చీ దొరికింది.

ఇక పాప్ స్మియర్ అక్కర్లేదా?

గర్భాశయ ముఖద్వారం కూడా తీసేసి, క్యాన్సర్ గానీ ముందస్తు మార్పులు గానీ లేవని రిపోర్టు వస్తే మామూలుగా అక్కర్లేదు. ముఖద్వారం ఉంచి పై భాగమే తీసి ఉంటే మునుపటిలాగే చేయించుకోవాలి. మీకు ఏది చేశారో తెలియకపోతే డిశ్చార్జి సమ్మరీ తీసుకుని డాక్టరుకు చూపించండి.